బంతి పడిందా, నేను పడేశానా

ఎర్రగుంట్ల పక్కన గోల్ఫ్ ఆడతామని చెబితే కడపలో ఉన్న నా బంధువులే నవ్వుతారు. వాళ్ల తప్పేం లేదు. టీవీలో కనిపించే గోల్ఫ్‌కు ఎకరాల కొద్దీ పచ్చిక కావాలి. మా దగ్గర తాగే నీళ్లకే వెతుకులాట. సిమెంటు ఫ్యాక్టరీ కాలనీకీ, రాయి తవ్వేసి వదిలిన పాత గనికీ మధ్య ఉన్న బీడులో ఎప్పుడో ఒక పెద్ద అధికారి సరదాపడి, బంతి వేయడానికి తొమ్మిది గుంటలు తవ్వించి మైదానం చేయించాడు. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాడు. మైదానం మిగిలిపోయింది. నేల ఎర్రగా, గట్టిగా ఉంటుంది. బంతి పడితే ఆగదు, గచ్చు మీద పడ్డ గోలీలా ఎగిరిపోతుంది. చుట్టూ సర్కారు కంప. గుంట చుట్టూ ఉండాల్సిన పచ్చికకు బదులు సన్న ఇసుకలో లారీల కాలిన ఆయిలు కలిపి గుండ్రంగా పరిచారు. ఆయిలు కలపకపోతే మా గాలికి ఆ ఇసుక ఒక్క పూట కూడా నిలవదు. దాన్ని మేం బ్రౌను అంటాం.

బ్రౌను మీద ఒక పద్ధతి ఉంది. నడిస్తే ఇసుకలో అడుగులు దిగబడతాయి కాబట్టి ప్రతి బ్రౌను పక్కనా ఒక గోనెపట్ట ఉంటుంది. ఒక కర్రకు మేకులతో బిగించిన గోనెసంచి, ఈడ్చడానికి ఒక తాడు. ముందు బంతులన్నీ ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఉన్నచోట గుర్తుపెట్టి తీయాలి. అప్పుడు గుంట దగ్గర మొదలుపెట్టి బయటికి చుట్టుకుంటూ పట్టను ఈడ్చాలి. రాసిపెట్టిన పద్ధతి అది. ఆచరణలో, బ్రౌను ఖాళీగా కనబడితే ముందు చేరినవాడు ఎటువైపు నుంచైనా ఒకసారి బరబరా ఈడ్చేస్తాడు. వెనక వచ్చేవాళ్లకు చేసే మర్యాద అనుకుంటాం. ఆ మర్యాదే నన్ను ఇంత దూరం తెచ్చింది.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కాలనీ పిల్లలు కొందరు నా దగ్గర చదువుకోవడం వల్ల ఆ మైదానంలోకి నాకు దారి దొరికింది. నా స్నేహితుడికి బండల వల్ల దొరికింది. ఆయనకు ఊరి బయట బండల పాలిష్ యూనిట్ ఉంది. మైదానంలో బల్లలకూ, మెట్లకూ కావలసిన కడప బండలన్నీ ఆయనే తోలాడు. నాకంటే కొన్నేళ్లు పెద్ద. నేను ఆయన్ను భాయ్ అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు. ఆ సార్ అనడంలో గౌరవం ఎంతో, ఎగతాళి ఎంతో ఇన్నేళ్లలో నాకు తేలలేదు.

ఆయనకు యూనిట్ కంటే తోట మీద ప్రాణం. తండ్రి ఇచ్చిన చేనులో చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాడు. ఉన్న బోరు ఎండిపోయింది. తర్వాత వేసినవి ఏవీ పడలేదు. చివరిది కూడా పొడి ఎగజిమ్మిన రోజు ఆయన భార్య, మా వదినమ్మ, ఇక బోరు మాట ఎత్తనని ఆయన చేత ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి ట్యాంకరు నీళ్లతో చెట్లను నెట్టుకొస్తున్నాడు. ఆకు ముడుచుకున్న చెట్లను చూపించి, "ఇవి నన్ను సూసి మొహం తిప్పుకుంటాండాయి సార్" అనేవాడు.

ఆ రోజు పొద్దున ముగ్గురం ఆడుతున్నాం. ఆయన, నేను, ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో పనిచేసే క్లబ్బు కార్యదర్శి. మేం ఆడుతున్న గుంటకు తూర్పుకు తిరిగి కొట్టాలి. పొద్దెక్కే వేళ సూర్యుడు ఎదురుగా ఉంటాడు. కార్యదర్శి బంతీ, నా బంతీ కంపలో పడ్డాయి. తర్వాత భాయ్ కొట్టాడు. కర్ర బంతి అడుగున తగలాల్సింది, నడినెత్తిన తగిలింది. బంతి లేవలేదు. నేల మీద కుందేలులా పరుగెత్తి, ఇంకా బిగించకుండా పడేసిన ఆయన బండకే ఠక్కున తగిలి, పైకి లేచి, ఎండలో మాయమైంది.

"నీ సరుకే నీకు అడ్డమొచ్చె గదా భాయ్" అన్నాను.

"నా బండ నన్నేం సేయదులే. మీ బంతులు యాడుండాయో ఎతుక్కోపోండి ముందు."

అంతలో ఆయనకు ఫోన్ వచ్చింది. ఏదో లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిందట. ఆయన అక్కడే నిలబడి మాట్లాడుతున్నాడు. కార్యదర్శి కర్ర పట్టుకుని కంప వైపు వెళ్లాడు. నేను నేరుగా బ్రౌను దగ్గరికి వెళ్లాను. ఆయన బంతి బ్రౌను దాటి ఎక్కడో కంపలో పడి ఉంటుందని నాకు ఏ అనుమానమూ లేదు. బండ మీద అంత వేగంగా తగిలిన బంతి ఇసుకలో ఆగుతుందని ఎవరనుకుంటారు? కళ్లలో ఎండ. గుంటలో గుచ్చి ఉన్న జెండా పీకి పక్కన పెట్టాను. పట్ట అందుకుని ఈడ్చాను.

జెండా పీకేటప్పుడు గుంటలోకి చూశానా? లేదు. గొళ్లెం తీసేటప్పుడు గొళ్లేన్ని ఎవరు చూస్తారు? ఈడ్చేటప్పుడు బ్రౌను మీద బంతి ఉందా? ఉన్నట్టు కనబడలేదు. కనబడలేదు అంటే లేదని కాదు. మా బంతులకు ఆ ఆయిలు ఇసుక అంటుకుంటే అవి ఇసుకలో కలిసిపోతాయి. ఇదంతా ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు ఏమీ అనుకోలేదు. ఒక పని చేస్తూ ఇంకెక్కడో ఉండటం నా పాత జబ్బు. మా ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది.

కార్యదర్శి చేతులు గీసుకుని కంపలోంచి బయటికి వచ్చాడు. మా ఇద్దరి బంతులు దొరికాయి, మూడోది లేదు. భాయ్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చి, "గుంటలో సూసినారా?" అన్నాడు. బంతి దొరకని ప్రతిసారీ అందరూ వేసే జోకే అది. నవ్వుతూ వంగి చూశాను. బంతి ఉంది. ఆయన ఆకుపచ్చ సిరాతో పెట్టుకునే చుక్క నా వైపే చూస్తూ ఉంది.

నేను చేసిన మొదటి పని, దాన్ని తీసి నా చేతిగుడ్డతో శుభ్రంగా తుడవడం. ఎందుకు తుడిచానో ఇప్పటికీ చెప్పలేను.

భాయ్ ఆ నల్లటి ఇసుకలో, తెల్లటి ప్యాంటుతో అలాగే కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "ఇన్నాళ్లకు దేవుడు నా పక్క జూసినాడప్పా" అన్నాడు. కార్యదర్శి నిబంధనల మనిషి. నా వైపు తిరిగి అడిగాడు.

"ముందు వచ్చింది మీరే కదండీ. బంతిని ఎవరూ తాకలేదు కదా?"

"తాకలేదు" అన్నాను.

చేత్తో తాకలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక నా కళ్లు బ్రౌను మీదికి పోయాయి. ఈ చివర నుంచి ఆ చివరికి పట్ట గీతలు తప్ప ఇంకేమీ లేవు. బంతి దొర్లి వచ్చి ఉంటే దాని జాడ ఇసుకలో సన్నటి దారంలా ఉండాలి. ఉంటే గింటే అది నా పట్ట కిందే పోయింది.

గోల్ఫ్ ఆడేవాళ్లలో ఒక ఆచారం ఉంది. ఒక్క దెబ్బకు గుంటలో వేసినవాడు అందరికీ విందు చేయాలి. ఆయన బిర్యానీ పెట్టించాడు. కాలనీ వాళ్లు, యూనిట్ పనివాళ్లు, లారీ డ్రైవర్లు అందరూ వచ్చారు. ఆ బండను పసుపు కుంకుమలతో పూజ చేయాలని ఒక డ్రైవరు, దర్గాలో లాగా దాని మీద చాదర్ కప్పాలని ఇంకొకడు వేళాకోళం ఆడారు. అందరూ తింటుండగా భాయ్ లేచి నిలబడ్డాడు.

"బోరు ఏస్తాండా" అన్నాడు. "నా నసీబు తిరిగింది. అది తిరిగినప్పుడే పట్టుకోవాల."

వదినమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. ఒట్టు సంగతి నలుగురిలో ఎత్తలేదు. నా వైపు మాత్రం ఒక చూపు చూసింది. నేను పెరుగన్నంలో నిమ్మకాయ పచ్చడి కలుపుకుంటున్నాను.

మర్నాడు యూనిట్‌కు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. పాలిష్ మెషిన్ల కింద బూడిదరంగు నీళ్లు కాలువలా పోతున్నాయి. ఆయన బండల మీద చెయ్యి తిప్పి నునుపు చూస్తున్నాడు. నేను చెప్పాల్సింది చిన్న వాక్యం. నువ్వు రాకముందు పట్ట ఈడ్చాను, చూడకుండా ఈడ్చాను. ఆ వాక్యానికి బదులు నా నోట్లోంచి పాఠం వచ్చింది.

గుంట మీదుగా దొర్లే బంతి లోపల పడాలంటే, గుంట దాటేలోపు అది కాస్తయినా కిందికి దిగాలి. వడివడిగా నడిచే మనిషి కంటే వేగంగా దొర్లుతుంటే దానికి దిగే సమయం చాలదు, అవతలి అంచును తాకి ఎగిరిపోతుంది. అంచు పక్కగా వస్తే ఇంకా నెమ్మదిగా రావాలి. బండను తాకి లేచిన బంతి వేగం ఎంత ఉంటుంది? మన బండ పొరలు పొరలుగా విడివడే రాయి, పాలిష్ పట్టకముందు దాని ముఖం మీద అలలు ఉంటాయి. బంతి ఆ అల ఈ వాలులో తగిలితే ఒక దిక్కు, గోరంత పక్కన తగిలితే ఇంకో దిక్కు. పైగా నెత్తిన తగిలిన బంతికి ముందుకు దొర్లే సుడి ఉంటుంది, అది రాయిని తాకగానే సగం చచ్చిపోతుంది. బంతి మీది చిన్న చిన్న సొట్టలు గాలిని అంటిపెట్టుకుని దాన్ని ఇంకాస్త దూరం మోస్తాయి. ఎండకు గాలి పలచబడితే మరికొంచెం దూరం. ఇవన్నీ కలిసి సరిగ్గా అక్కడే, సరిగ్గా ఆ వేగంతో రావాలి. ఇలా చెబుతూ పోయాను. బండ మీద తడి వేలితో బొమ్మ కూడా గీశాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. బొమ్మ ఆరిపోయింది.

"ఇంతకూ ఏమంటావు సార్? పడేది కాదంటావా?"

"పడదని కాదు. పడటం శానా కష్టమంటాండా."

"కష్టమైనా పడె గదా?"

"పడింది."

"మరి అదే గదప్పా నసీబంటే! నువ్వు ఇంతసేపూ నా మాటే సెప్తాండావు." నవ్వి నా భుజం తట్టాడు. "కుళ్లు పుట్టిందా ఏంది? నీ బంతి ఒగటి గూడా పడలేదని?"

ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. నాకు కుళ్లు ఉంది. అది కూడా ఇక్కడ రాసుకోవాలి. ఆ బంతి నాది కానందుకు కాదు. ఇంత అరుదైన విషయం నా కళ్ల ముందు జరిగి ఉంటే, దాన్ని చూడకుండా పోయినందుకు. జరగకపోయి ఉంటే? అక్కడే నా బుర్ర మొరాయిస్తుంది.

కొన్నాళ్లకు వదినమ్మ మా ఇంటికి వచ్చింది. మా ఆవిడకు కరివేపాకు ఇచ్చే వంకతో వచ్చి, వసారాలో నా ఎదురుగా కూర్చుంది.

"ఏమప్పా, నువ్వు సదువుకున్నోనివి. అట్ల బంతి దానంతట అదే పోయి గుంటలో పడ్తాదా?"

"పడ్తాది వదినా. అరుదుగా పడ్తాది. దేశంలో ఎందరో కొడ్తాంటారు, యాడో ఒగ చోట ఒగటి పడక తప్పదు."

"యాడో పడేది వేరే. మాకే పడె గదా. అయితే నసీబనేది ఉండాదనే గదా నువ్వనేది?"

ఆమె అడిగింది శాస్త్రం గురించి కాదు. ఆయనను ఆపడానికి ఒక్క ఆధారం అడుగుతోంది. అది నా దగ్గర ఉంది. "అట్ల అనుకోలేం వదినా, అనుకోకుండానూ ఉండలేం" అన్నాను. ఆమె "నీకే తెలీకపోతే ఇంగ ఎవురికి తెల్స్తాది" అని లేచింది. నన్ను నమ్మి ఆమె అలా లేచి వెళ్లిపోవడం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

తర్వాతి ఆదివారం తెల్లవారగానే ఒక్కడినే మైదానానికి వెళ్లాను. బ్రౌను మీద బంతి పెట్టి పట్ట ఈడ్చి చూశాను. ఒకసారి బంతి పట్ట కిందే ఇరుక్కుని అవతలి అంచు దాకా వచ్చింది. ఒకసారి కర్ర తగిలి పక్కకు గెంతింది. మరోసారి గోనె ముడతలో కూర్చుని, గుంట పెదవి దాకా వచ్చి ఆగింది. ఊపిరి పీల్చుకునేలోపు పట్ట తోక దాన్ని ముట్టుకుంది, బంతి లోపల పడింది. మళ్లీ అలాగే చేస్తే మళ్లీ పడలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా పడలేదు. బంతి కింద ఉన్నప్పుడు తాడు కాస్త బరువవుతుందని తెలిసింది. ఆ రోజు బరువనిపించిందా? అనిపించిందని నా చెయ్యి చెబుతోంది. కానీ ఈ పొద్దున పడిన బరువునే ఆ చెయ్యి ఆనాటిదిగా చెబుతోందేమో. తర్వాత ఆ బండ మీదికి బంతులు కొట్టి చూశాను. ఒక్కటీ గుంట దరిదాపులకు రాలేదు. దానివల్ల ఏం తేలింది? నా బంతులు రాలేదని తేలింది, అంతే. ఇలాంటి ప్రయోగం నా విద్యార్థి చేసుకొస్తే మార్కులు వేయను.

రెండూ నమ్మశక్యం కానివే. బంతి దానంతట అది పడటం నమ్మలేను. చూడకుండా ఈడ్చిన పట్ట దాన్ని తెచ్చి సరిగ్గా గుంటలో వేయడం కూడా నమ్మలేను. ఈ రెండింటిలో ఒకటి జరిగింది.

బోరు వేసే రోజు తోటకు రమ్మని భాయ్ మనిషిని పంపాడు. వెళ్లేసరికి గట్టు మీద ఆయన గోల్ఫ్ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ టెంకాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగి నీళ్ల చోటు చెప్పే ముసలాయన గట్టు కింద ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"ఈ తూరి టెంకాయ వద్దు" అన్నాడు భాయ్. "బంతి యాడ ఆగితే ఆడ పాయింటు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకుని ఏదో అనుకుని, చెట్ల మీదుగా కొట్టాడు. ఈసారి దెబ్బ చక్కగా తగిలింది. పనివాళ్లు పరుగెత్తబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఎవురూ పోవద్దండి. సార్ పోతాడు. ఆ పొద్దు గూడా ఆయనే సూసినాడు."

వెళ్లాను. నా కాళ్ల కింద ఎండుటాకులు చప్పుడు చేస్తుంటే నాకు నా మీదే అసహ్యం వేసింది. బంతి రెండు చెట్ల మధ్య పాదులో ఆగి ఉంది. ఈసారి తాకలేదు, దగ్గరికి కూడా పోలేదు. ఇక్కడ, అని దూరం నుంచే చూపించాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. బోరు బండి ఇంకా రోడ్డు మీదే ఉంది. వాళ్లు వచ్చాక చెబుదాం, భాయ్ ఒంటరిగా దొరికాక చెబుదాం, అనుకుంటూ నిలబడ్డాను. బండి లోపలికి రావడానికి అడ్డొచ్చిన ఒక చీనీ చెట్టును నరికేశారు కూడా.

బోరు బండి తమిళనాడు నుంచి వచ్చింది. గొట్టం నిలబెట్టి దించడం మొదలుపెట్టాక ఇక ఏ మాటా వినబడదు. మొదట ఎర్రమన్ను వచ్చింది, తర్వాత బూడిదరంగు పొడి. మధ్యాహ్నానికి చెట్లూ, మనుషులూ, వదినమ్మ తెచ్చిన మజ్జిగ బిందె మీది మూతా అన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. తడి తగిలితే పొడి ముద్దలుగా మారుతుంది. భాయ్ కొత్త రాడ్డు దిగినప్పుడల్లా దోసిలి పట్టి, పొడిని పిడికిట్లో నొక్కి చూస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది.

బండి మేస్త్రీ వచ్చి చెవి దగ్గర అరిచాడు. ముందు అనుకున్న లోతు అయిపోయింది, ఎత్తేయమంటారా, ఇంకా పోమంటారా అని. వదినమ్మ చాలు అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. భాయ్ బొటనవేలు కిందికి చూపించాడు. అందరికీ వినబడేలా గొంతు చించుకుని అరిచాడు.

"దింపు! ఆ పొద్దు పడింది, ఈ పొద్దూ పడ్తాది!"

అప్పుడు అరిచాను. ఏం అరిచానో నాకే వినబడలేదు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్లీ అరిచాను. "ఏందీ?" అన్నట్టు తల ఆడించాడు. నీళ్లు కనబడ్డాయని చెబుతున్నాననుకున్నాడేమో, కళ్లు వెలిగాయి. మేస్త్రీకి సైగ చేసి యంత్రం ఆపించాడు. ఒక్కసారిగా తోటంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, టెంకాయ ముసలాయనా, పనివాళ్లూ, వదినమ్మా అందరూ వింటుండగా చెప్పాల్సి వచ్చింది.

"ఆ పొద్దు నేను గోనెపట్ట ఈడ్చినా భాయ్. నువ్వు వచ్చేముందు. బంతి ఉండాదో లేదో సూడకుండా ఈడ్చినా. అది దానంతట అదే పడిందో, నేనే పడేసినానో నాకు తెలీదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ముఖం మీద పొడి పేరుకుని, కనురెప్పలు కూడా తెల్లబడి, ఎవరో తెలియని మనిషిలా ఉన్నాడు.

"యా పక్కనుంచి ఈడ్చినావు?" అన్నాడు.

"గుర్తులేదు."

"బండ పక్కనుంచా, ఇవతల నుంచా?"

"గుర్తులేదు భాయ్."

"బంతి ఎంత వేగంగా దొర్లాలో లెక్క జెప్తావు, గాలి పలచనో సిక్కనో జెప్తావు, నీ చెయ్యి యా పక్కకు పోయిందో తెలీదా?"

వదినమ్మ నా వైపు తిరిగి, "ఆ పొద్దు మీ ఇంట్లో అడిగితిని గదప్పా" అంది. గొంతులో కోపం కూడా లేదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది.

మేస్త్రీ వాచీ చూసుకున్నాడు. యంత్రం ఊరికే నిలబడితే అతనికి కుదరదు. భాయ్ ఆ గుంట వైపు ఒకసారి, చెట్ల వైపు ఒకసారి చూసి, "ఎత్తేయ్ అప్పా" అన్నాడు. రాడ్లు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. నేను వెళ్లబోతుంటే వెనకే వచ్చాడు.

"నువ్వు సెప్పకుండా ఉండుంటే, నీళ్లు పడకపోయినా నా నసీబు ఇంతే అనుకొని ఇంట్లో పండుకుందును. పడుంటే దేవునికి మొక్కుకుందును. ఇప్పుడేమనుకోవాల నేను? ఇంగొక రాడ్డు కింద ఉండెనేమో. లేకపోయెనేమో. ఆ ఉండెనేమో అనేది నువ్వు తెచ్చిపెడితివి గదా."

చెప్పనందుకు పశ్చాత్తాపపడాలో, చెప్పినందుకు పడాలో నాకు ఆ రోజు నుంచి తెలియడం లేదు. ముందే చెప్పి ఉంటే రెండూ ఉండేవి కావని తెలుసు. నేను చెప్పింది ఆయన మంచి కోసమా, ఇక మోయలేక నా బరువు ఆయన నెత్తిన దించానా? అక్కడ నిలబడినప్పుడు మంచి కోసమే అనిపించింది. ఇంటికి వచ్చి ఒంటి మీది పొడి కడుక్కుంటుంటే అలా అనిపించలేదు. క్లాసులో పిల్లలు ప్రక్షేపకాల లెక్క చేస్తున్నప్పుడు, గాలి నిరోధం లేదనుకోండి అని చెబుతాను. ఏది లేదనుకుంటే నేను చేసిన పని సరైనది అవుతుందో ఆలోచిస్తూ బోర్డు ముందు ఆగిపోయిన రోజులున్నాయి.

బోరు మూతి మీద ఆయన ఒక బండ కప్పించాడు. మైదానానికి రావడం మానేశాడు. పై వరుస చెట్లకు మాత్రం ట్యాంకరు నీళ్లు పోయిస్తున్నాడని, కింది వరుసలను వదిలేశాడని విన్నాను. కార్యదర్శికి నేనే వెళ్లి విషయం చెప్పాను. ఒక్క దెబ్బకు గుంటలో వేశాడని క్లబ్బు గోడ మీద రాయించిన భాయ్ పేరు తీసేయాలా ఉంచాలా అని ఆయన నన్నే అడిగాడు. తెలియదన్నాను. ఆయన విసుక్కుని, ఉంచేశాడు.

మొన్న భాయ్ ఫోన్ చేశాడు. ఇన్నాళ్లలో అదే మొదటిసారి. పలకరింపు కూడా లేదు.

"ఆ బోరు బండోడు పత్తికొండ పక్క పని సూసుకొని మళ్లా ఇటు పక్కకే వస్తాండాడంట. ఆ గుంటలోనే ఇంగొంచెం దించుదామని మనసు పీకుతాండాది. మీ వదిన వద్దంటాది. నువ్వేమంటావు?"

నా నోటి దాకా రాళ్ల పొరలు, పగుళ్లు, వాలు అన్నీ వచ్చాయి. మింగాను.

"నాకు తెలీదు భాయ్."

అవతల పాలిష్ మెషిన్ల చప్పుడు మీదుగా గొంతు పెంచాడు.

"తెలీదంటే సరే" అన్నాడు. "ఆ పొద్దుకు వస్తావా, రావా? అది సెప్పు."

"వస్తా" అన్నాను.